తెల్లకణముల సేన – కఫపు పూడిక

విశాఖపట్టణపు రేవు 1933వ సంవత్సరమున తెరవబడినది. డాల్ఫిన్స్ నోస్ కొండ చెంతనున్న ప్రవేశమార్గమునకు సముద్రము ఎడతెగక ఇసుకను మోసికొని వచ్చును. దానిని పూడికతీయు ఓడలు ఎప్పటికప్పుడు తోడకున్నచో ఎంత గొప్ప ఓడయైనను లోనికి రాజాలదు. మన ఊపిరితిత్తులకును ఇట్టి తోడకమే ప్రాణాధారము.

శ్వాసనాళముల లోపలి గోడలపై పలుచని నీటిపొరయు, దానిమీద జిగురుకఫమును ఉండును. గాలితో వచ్చిన దుమ్మును, సూక్ష్మజీవులను కఫము పట్టుకొనగా, కంటికి కానరాని సన్నని నూగు దానిని గొంతువైపునకు నెట్టుచుండును. తప్పించుకొన్న క్రిములను తెల్లరక్తకణములు ఎదిరించును. కణములు పరపదార్థమును చుట్టుముట్టి మ్రింగుటను 1882లో మెచ్నికాఫ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు నక్షత్రచేప పిల్లలలో కనుగొని, 1908లో నోబెల్ బహుమానమును పొందెను. ఆ సేనలో ముందు నడచునది న్యూట్రోఫిల్ అను కణము. ఇది ఎముకల మూలుగలో పుట్టును. క్రిమిని మ్రింగి, ఉప్పులోని క్లోరిన్ అంశముతో తీక్ష్ణమైన యామ్లమును చేసి దానిని చంపును. నూతిలో బ్లీచింగుపొడి చల్లినపుడు క్రిములను చంపునదియు ఆ యామ్లమే.

ఇక సిస్టిక్ ఫైబ్రోసిస్ అను వ్యాధి సంగతి వినుడు. మన కణములకు ఉప్పును రానిచ్చు, పోనిచ్చు చిన్న ద్వారములు కలవు. వానిలో ఒకదానిని నిర్మించు జన్యువు 1989లో కనుగొనబడినది. ఆ ద్వారము తెరచుకొనుటకు ఏటీపీ అను పదార్థపు శక్తి కావలెను. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, ఫిస్కే అను ఆచార్యునితో కలసి, 1929లో హార్వర్డు విశ్వవిద్యాలయమున వెల్లడించిన పదార్థమే అది. జన్యువు చెడినచో ద్వారము సరిగా పనిచేయదు. నాళములలోనికి నీరు రాదు. కఫము గట్టిపడును, నూగు దానిలో చిక్కుకొనును.

ఆ పూడికలో సూక్ష్మజీవులు కాపురము పెట్టును. వానిలో సూడోమోనాస్ అనునది తన చుట్టును జిగురుకోట కట్టుకొనును. తెల్లకణములు గుంపులుగా వచ్చిపడును. సైన్యమునకు కొరత లేదు, కాని కోటను భేదించి శత్రువును పట్టజాలవు. అంతియే కాదు. మ్రింగిన క్రిమిని చంపు ఆమ్లమునకు వలయు క్లోరిన్ అంశమును తెచ్చుటలో ఈ ద్వారమునకు పాత్ర గలదనియు, ద్వారము చెడినచో ఆ చంపుట తగ్గుననియు కొన్ని పరిశోధనలు చూపినవి. ఫలితము కడు దారుణము. చచ్చిన కణములనుండి వెలువడు ఎలాస్టేస్ అను పదార్థము నాళపు గోడలనే కరగించును. వాని జన్యుద్రవ్యపు పొడవైన దారములు కఫమును మరింత చిక్కబరచును. శత్రువుకంటె యుద్ధమే ఊరిని పాడుచేయునన్నమాట.

కాబట్టి చికిత్సయు పూడికతీతతోనే మొదలగును. వైద్యుల యాజ్ఞపై వీపు తట్టి కఫము దింపుట, ఉప్పునీటి సన్నని తుంపరను పీల్పించుట, క్రిమిసంహారక ఔషధముల నిచ్చుట ముఖ్యములు. 1993లో ఆ దారములను తెగగోయు మందు వచ్చెను. 2012నుండి ద్వారమునే సరిదిద్దు మందులు వచ్చినవి గాని, వాని ధర మిక్కిలి హెచ్చు.

ఇది తెల్లదొరల రోగమని చాలకాలము తలచిరి. అది నిజము కాదు, మన దేశపు బిడ్డలకును కలదు. కనుక బిడ్డను ముద్దాడినపుడు ఒళ్లు మితిమీరి ఉప్పగానున్నను, దగ్గు మానకున్నను, మలము నూనెవలె జిడ్డుగానుండి బరువు పెరుగకున్నను, దిష్టియని ఊరకుండకుడు. క్షయయని మీరే నిశ్చయింపకుడు. చెమటలోని ఉప్పును కొలిచి రోగమును తేల్చు పరీక్ష కలదు. కింగ్ జార్జి ఆసుపత్రివంటి పెద్ద ఆసుపత్రిలో పిల్లల వైద్యులకు చూపుడు.

తల్లిదండ్రు లిరువురును ఆ చెడిన జన్యువును మోయుచున్నచో, వారు ఆరోగ్యముగానే యున్నను, ప్రతి కాన్పునందును బిడ్డకు ఈ వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒకవంతు అవకాశము గలదు. మేనరికములలో ఇట్టి కలయిక సులభము. తల్లినొక్కతెను నిందించుట అన్యాయము. ఇంట ఇట్టి బిడ్డ యున్నపుడు సంబంధము నిశ్చయించుటకు పూర్వము వైద్యుని సలహా నడుగుట పెద్దల ధర్మము.