రోగి చెంతనున్న పరికరము

నాగార్జునసాగరు మొదలు మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేటల వరకు ఏ యూరనైనను ఇంటిలోనెవరికైన జబ్బుచేసి ఆసుపత్రిలో జేర్చినపుడు మన సోదరీమణులు రెండు ప్రశ్నలు వేయుదురు: డాక్టరుగారు మంచివారా? మందు మంచిదా? రోగికి దగిలించిన పరికరము మంచిదా యని యడుగువారు అరుదు. మందువలెనే పరికరమును మేలుచేయును, కీడును జేయగలదు.

ఈ ప్రాంతమున నడకయొక్క విలువ నెవ్వరికిని జెప్పనక్కరలేదు. బావినీటిలోని ఫ్లోరైడువలన నల్లగొండ సీమలో నెందరో నడుము వంగిపోయిరి. మోకాళ్లు లోపలికి వంగిన పిల్లలనుగూర్చి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 1973లో లాన్సెటను వైద్యపత్రికయందు వ్రాసిరి. అందుచేత కాలికి దొడుగు నొక పరికరముయొక్క కథతో మొదలిడుచున్నాను. ఇది ఫ్లోరైడు రోగుల కథ కాదు. పోలియో మొదలగు వ్యాధులచే కాళ్లు చచ్చుబడిన పిల్లల కథ.

అబ్దుల్ కలాముగారు 1982 మొదలు 1992 వరకు హైదరాబాదులోని క్షిపణుల పరిశోధనశాలకు అధిపతిగా నుండిరి. అచ్చట అగ్ని క్షిపణికొరకు మిక్కిలి తేలికయు గట్టియునగు పదార్థము తయారయ్యెను. నిజాం వైద్యవిజ్ఞానసంస్థనుండి వచ్చిన యొక ఎముకల వైద్యుడు దానిని చేతబట్టి, తూచి చూచి, కలాముగారిని దన ఆసుపత్రికి దోడ్కొనిపోయెను. అచ్చటి పిల్లలు ఒక్కొక్కటి మూడు కిలోలకు పైబడిన లోహపు పట్టీలను కాళ్లకు దొడిగికొని యీడ్చుకొనుచు నడచుచుండిరి. మూడు వారములలో 300 గ్రాముల పట్టీలు తయారై వారి కాళ్లకు జేరినవి. పిల్లలు తేలికగా నడయాడుచుండ తల్లిదండ్రులు కన్నీరు పెట్టుకొనిరట. ఈ సంగతి కలాముగారే పలుమార్లు చెప్పియున్నారు.

ఇందు నాకు మెచ్చదగినదిగా దోచునది క్షిపణి పదార్థము కాదు. పరికరము చేయువాడు రోగి మంచముకడకు బోవుట. లోహపు పట్టీ తన పని తాను చేయుచునే యుండెను. కర్మాగారములో బరీక్షించినచో నందు లోపమేమియు గనబడదు. మూడు కిలోల బరువెంతయో పిల్లవాని తొడకే తెలియును. అట్లని తేలికయైనంతనే చాలదు. విరుగకుండునా, చర్మము నొరయకుండునా, పిల్ల యెదిగినకొలది సరిపోవునా యనునవి నెలలతరబడి ధరించినగాని తేలవు. తరువాత 1998లో హృద్రోగవైద్యులు బి. సోమరాజుగారును కలాముగారును గలసి గుండెనాళములలో నుంచు స్టెంటును తక్కువ వెలకు లభించునట్లు రూపొందించిరి.

పరీక్ష యెవరిపై జరిగినదనునదియు ముఖ్యమే. కోవిడు వ్యాపించిన 2020, 2021 సంవత్సరములలో వ్రేలికి దగిలించు పల్సు ఆక్సీమీటరు పల్లెలకును జేరినది. అది వ్రేలిగుండ కాంతిని బంపి రక్తమునందలి ప్రాణవాయువును లెక్కగట్టును. చర్మపు వన్నెవలన ఆ లెక్క తప్పవచ్చును. మీటరు 92 మొదలు 96 వరకు జూపుచుండగా రక్తపరీక్షలో 88కి తక్కువ తేలిన సందర్భములు తెల్లవారిలోకంటె నల్లవారిలో నించుమించు మూడురెట్లున్నవని అమెరికాలోని మిషిగన్ వైద్యులు 2020 డిసెంబరులో ప్రకటించిరి. మనలో చామనచాయవారే యెక్కువ గదా! గోళ్లరంగు, చల్లబడిన వ్రేళ్లును లెక్కను దప్పించును. గోళ్లరంగు తుడిచివేయుట మన చేతిలోని పనియే. అంకె బాగున్నను రోగి ఆయాసపడుచున్నచో అంకెను నమ్మి కూర్చుండక నర్సును బిలువవలెను.

మన దేశమున వైద్యపరికరముల నియమములు 2018 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినవి. అపాయమునుబట్టి నాలుగు తరగతులేర్పడినవి: నాలుకను నదిమి చూచు బద్ద మొదటిది, ఇంజెక్షను సూది రెండవది, వెంటిలేటరు మూడవది, గుండెకవాటము నాలుగవది. తరగతి పెరిగినకొలది పరీక్ష కఠినమగును. విశాఖపట్టణమందలి మెడ్‌టెక్ జోనులో పరికరములను తయారుచేయుటయే గాక పరీక్షించు శాలలును గలవు.

ఐనను పదిమందిపై జరిగిన పరీక్షలో దొరకని తప్పు పదివేలమంది వాడుకలో బయటపడవచ్చును. అందుకే 2015 జూలై 6వ తేదీన మెటీరియోవిజిలెన్సు అను కార్యక్రమము ఆరంభమైనది. పరికరమువలన హాని కలిగినచో వైద్యులే గాక రోగియు, ఇంటివారును దెలుపవచ్చును. ఖర్చులేని టెలిఫోను సంఖ్య 1800-180-3024. చెడిన సెలైను గొట్టమునో, పట్టీనో పారవేయనీయక ఆసుపత్రివారిచే దాచించి, దానిపై నచ్చొత్తిన పేరును, బ్యాచి సంఖ్యను వ్రాసికొనినచో విచారించువారికి ఆధారము చిక్కును.