వేలిముద్ర వేసేముందు ఒక్కమాట

వానలు మొహం చాటేస్తే పాలమూరు పల్లెల్లో కూలీలు మూటాముల్లె సర్దుకొని హైదరాబాదు బస్సెక్కుతారు. నాట్లేసిన చేతులే అక్కడ ఇటుకలు మోస్తాయి, స్లాబులు పోస్తాయి. పరంజా విరిగి మనిషి చచ్చిపోతే జరిగేదేమిటి? మేస్త్రీ శవాన్ని ఊరికి తెస్తాడు. యాభైవేలు భార్య చేతిలో పెట్టి, కాగితం మీద వేలిముద్ర అడుగుతాడు. "సేటు దయగల్లోడు. కేసు పెడితే ఇది గూడ రాదు" అంటాడు.

కూలీ సోదరులారా, అక్కచెల్లెళ్లారా! ఇది దయ కాదు, హక్కు. 1923లోనే కార్మికుల నష్టపరిహార చట్టం వచ్చింది. 2025 నవంబరు 21 నుండి దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమలులోకి వచ్చింది. లేబర్ కోడ్‌ల మీద మన పోరాటం వేరే సంగతి. పనిలో ప్రమాదం జరిగితే పరిహారం ఇవ్వాలన్న హక్కు మాత్రం అందులోనూ ఉంది.

లెక్క చూడండి. ఈఎస్‌ఐ లేని కూలీ వయసు 40 ఏళ్లు, నెల సంపాదన 12,000 రూపాయలు అనుకుందాం. అందులో సగం 6,000. ఆ వయసుకు చట్టంలో ఉన్న అంకె 184.17. రెండూ హెచ్చిస్తే 11,05,020 రూపాయలు. ఎక్కడి యాభైవేలు, ఎక్కడి పదకొండు లక్షలు!

"వాడే చూసుకోలేదు" అంటారు. చనిపోయినవాని అజాగ్రత్తను సాకుగా చూపి పరిహారం ఎగ్గొట్టడానికి వీల్లేదు. "మేస్త్రీని అడుక్కోండి" అంటుంది కంపెనీ. కట్టుబడి వ్యాపారం చేసే కంపెనీ పనిని గుత్తకిచ్చినా బాధ్యత తప్పదు. గుత్తేదారు దగ్గర తర్వాత రాబట్టుకోవడం దాని పాట్లు. మరణ పరిహారాన్ని అధికారి దగ్గరే జమకట్టాలి. హక్కు వదులుకున్నామని రాయించుకున్న కాగితం చెల్లదు.

బతికి బయటపడినవాళ్లకూ హక్కుంది. సినిమా హాల్లో పనిచేస్తూ పడి, ఎడమచెయ్యి మోచేతి పైదాకా పోయిన ఒక వడ్రంగి కేసులో సుప్రీంకోర్టు 1975లో తీర్పిచ్చింది. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు గనుక అతను పనిశక్తి పూర్తిగా కోల్పోయినట్టే అన్నది. పోయింది ఒక చెయ్యే గదా అని సగం లెక్క కట్టలేదు.

మరి మనం చేయవలసిందేమిటి? ఆస్పత్రి చీటీలో "పని జాగాలో పడ్డాడు" అని రాయించాలి. మేస్త్రీ చెప్పినట్టు "ఇంట్లో జారిపడ్డాడు" అని రాస్తే కేసు అక్కడే చస్తుంది. పోలీసు ఫిర్యాదు నకలు, హాజరు చీటీ, ఫోనులో పడిన కూలి డబ్బుల వివరం దాచాలి. పక్కన పనిచేసినవాళ్ల పేర్లు, ఊర్లు రాసుకోవాలి. యజమానికి వెంటనే రాతమూలకంగా తెలపాలి. కార్మికశాఖ ఆఫీసులో కనుక్కొని దరఖాస్తు వేయాలి. రెండేళ్లు దాటనివ్వరాదు.

ఒంటరిగా పోతే గేటు దగ్గరే నిలబెడతారు. సంఘంగా కదిలితే కుర్చీ వేస్తారు. మన వేలిముద్ర పడవలసింది మేస్త్రీ కాగితం మీద కాదు, మన దరఖాస్తు మీద!