తేట నీటిలో దాగిన రాయి

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఎటు చూసినా గుట్టలు, రాతి గుండ్లు. ఆ రాళ్ళకూ, అక్కడి బావుల నీళ్ళకూ ఉన్న సంబంధం గురించి విద్యార్థులకు కలిగే కొన్ని సందేహాలకు జవాబులివి.

ప్రశ్న: కొన్ని ఊళ్ళలో బోరుబావి నీళ్ళు తేటగానే ఉంటాయి. అయినా తాగవద్దంటారెందుకు?

జవాబు: ఆ నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండడం వల్ల. దానికి రంగు, వాసన ఉండవు, రుచిలోనూ తెలియదు. పరీక్ష చేస్తేనే బయటపడుతుంది. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చునని, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చునని భారతీయ ప్రమాణం చెబుతోంది. అంతకు మించిన నీటిని ఏళ్ళ తరబడి తాగితే హాని.

ప్రశ్న: ఈ ఫ్లోరైడ్ నీటిలోకి ఎలా వచ్చింది?

జవాబు: రాతి నుండి. ఈ ప్రాంతపు గ్రానైట్ సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటిది. ఒక గ్రానైట్ ముక్కను ఎండలో తిప్పి చూడండి. నల్లగా మెరిసే చిన్న రేకులు కనిపిస్తాయి. అది నల్ల అభ్రకం. అందులోనూ, అపటైట్, ఫ్లోరైట్ అనే ఖనిజాలలోనూ ఫ్లోరిన్ ఉంటుంది. వాననీరు మొరం గుండా రాతి పగుళ్ళలోకి దిగి, అక్కడ చాలాకాలం నిలవ ఉంటుంది. అప్పుడు ఫ్లోరైడ్ కొద్దికొద్దిగా కరుగుతుంది. చెరువు నీటికి రాతితో అంత సావాసం ఉండదు. కనుక అందులో సాధారణంగా ఫ్లోరైడ్ తక్కువ.

ప్రశ్న: గ్రానైట్ చాలా చోట్ల ఉంది గదా! ఇక్కడే ఇంత ఎక్కువెందుకు?

జవాబు: ఫ్లోరైడ్‌కు కాల్షియం అంటే మహా ఇష్టం. రెండూ కలిస్తే నీటిలో సులభంగా కరగని ఫ్లోరైట్ తయారవుతుంది. అంటే నీటిలో కాల్షియం ఉన్నంతకాలం ఫ్లోరైడ్‌కు పగ్గం ఉన్నట్లే. కాని ఇక్కడ వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. నీరు ఆవిరైనప్పుడు కాల్షియం సున్నపు గుళ్ళుగా మారి మట్టిలో ఉండిపోతుంది. నీటిలో సోడియం మిగులుతుంది. పగ్గం ఊడిన ఫ్లోరైడ్ ఇంకా ఇంకా కరుగుతుంది.

ప్రశ్న: మన ఒంటికి ఏ విధంగా హాని చేస్తుంది?

జవాబు: మన ఎముకలలో, పళ్ళలో ఉన్నది కాల్షియమే గదా! ఫ్లోరైడ్ అక్కడికే చేరుతుంది. పళ్ళు ఏర్పడే చిన్న వయసులో ఇలాంటి నీరు తాగితే పళ్ళపై గోధుమరంగు మరకలు పడతాయి. ఏళ్ళు గడిచేకొద్దీ కీళ్ళు బిగుసుకుపోతాయి. కొందరికి నడుము, కాళ్ళు వంగిపోతాయి. అలా వంగిన ఎముకను మందులతో మునుపటిలా చేయలేము. మన దేశంలో ఈ వ్యాధిని గురించి 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుండి వైద్యులు వివరంగా ప్రకటించారు.

ప్రశ్న: నీటిని కాచితే ఫ్లోరైడ్ పోదా?

జవాబు: పోదు. నీరు ఆవిరై తగ్గుతుంది; ఫ్లోరైడ్ అంతా గిన్నెలోనే మిగులుతుంది. దానిని తీయడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970ల దశకంలో ఒక ఉపాయం రూపొందించింది. నీటిలో తగిన కొలతలో సున్నం, పటిక, బ్లీచింగ్ పొడి కలిపి తిప్పుతారు. పటిక వల్ల దూదిపింజల వంటి తెట్టు ఏర్పడి, ఫ్లోరైడ్‌ను పట్టుకొని అడుగుకు దిగుతుంది. పై నీటిని వడగట్టుకోవాలి. దీని పేరు ‘నల్లగొండ పద్ధతి’. టాంజానియా, ఇథియోపియా వంటి దేశాలలో కూడా దీనిని వాడారు.

ప్రశ్న: కృష్ణానది దగ్గరలోనే పారుతోంది. మరి ఈ కష్టమెందుకు వచ్చింది?

జవాబు: నది లోతైన లోయలో పారుతుంది; ఊళ్ళు ఎత్తైన మెట్టనేలపై ఉన్నాయి. నీటిని పైకి ఎత్తిపోయాలి. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ వంటి పథకాల ద్వారా శుద్ధిచేసిన నది నీరు ఇంటింటి కుళాయికి చేరింది. కాని భూమిలోని రాయి మారలేదు! ఒకరోజు కుళాయి రాలేదని పరీక్షించని బోరు నీటిని బిందెలో పట్టకండి. మీ ఊరి బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎంత? పరీక్ష చేయించి, ఆ అంకెను బోరు పక్కనే అందరికీ కనబడేలా రాసి పెట్టించండి.