ఆబోతు శుక్రకణాలలో జన్యు వినిమయం: దానిని నియంత్రించే జన్యువులు

వేసవి వచ్చిందంటే హైదరాబాదు తూర్పు శివారున, విజయవాడ రహదారి మీది బాటసింగారం పండ్ల మార్కెట్టులో బంగినపల్లి మామిడి కుప్పలుగా దిగుతుంది. ఏ తోట నుండి వచ్చినా ఆ పండు రంగు, రుచి, పీచులేని కండ ఇంచుమించు ఒక్కటే. కారణం తెలిసినదే. అంటుమొక్క సమవిభజనతో పెరిగిన కొమ్మే గాని, క్షయకరణ విభజనను దాటి వచ్చిన విత్తనం కాదు. కాని ఆ పండ్లు తెచ్చిన రైతు కొట్టంలో, ఒకే ఆవుకు ఒకే ఆబోతు వీర్యంతో పుట్టిన రెండు పెయ్యలు పాల దిగుబడిలో ఒకదానినొకటి పోలవు. వీర్యం ఒకటే గదా, ఈ తేడా ఎందుకన్న ప్రశ్న విస్తరణ శాస్త్రజ్ఞులకు కొత్తది కాదు. మేపులో తేడా అని చెప్పి ఊరుకోవడం సగం సమాధానమే.

పశువుకు 30 జతల క్రోమోజోములు ఉన్నాయి. ఒక్కొక్క జతలో ఏది శుక్రకణంలోకి పోతుందన్నది యాదృచ్ఛికం గనుక, ఆ ఒక్క కారణంగానే 107 కోట్లకు పైగా కలయికలు సాధ్యం. దీనిపైన సమజాత క్రోమోజోములు తమ ఖండాలను ఇచ్చిపుచ్చుకుంటాయి. ఈ వినిమయం ఎక్కడ, ఎన్నిసార్లు జరుగుతుందన్నది మాత్రం పూర్తిగా యాదృచ్ఛికం కాదు. దానికి జన్యువుల ఏలుబడి ఉంది.

వృషణంలోని శుక్రమాతృకణాలలో పీఆర్‌డీఎం9 అనే ప్రోటీను డీఎన్ఏలోని నిర్దిష్ట వరుసలను గుర్తించి, అక్కడి హిస్టోనులపై రసాయనిక ముద్ర వేస్తుంది. ముద్ర పడిన చోట స్పో11 అనే ఎంజైము డీఎన్ఏ రెండు పోగులనూ తెంచుతుంది. ఎలుకలో ఒక కణంలో ఇటువంటి తెగుళ్లు రెండు మూడు వందలు ఏర్పడినా, వినిమయంగా పరిణమించేవి సుమారు పదోవంతే. మిగిలినవి వినిమయం లేకుండానే మరమ్మతు అవుతాయి. ఏ తెగులు వినిమయంగా స్థిరపడాలన్న నిర్ణయంలో ఆర్‌ఎన్‌ఎఫ్212 వంటి ప్రోటీన్లకు పాత్ర ఉంది. పీఆర్‌డీఎం9 పాత్రను 2010లో మూడు పరిశోధక బృందాలు ఒకేసారి వెల్లడించాయి. ఈ జన్యువు అతివేగంగా మారుతుంది. అందువల్ల వినిమయం అధికంగా జరిగే స్థలాలు జాతికీ జాతికీ వేరు. కుక్కలో ఈ జన్యువు పనిచేయదు, అయినా సంతానోత్పత్తి నిరాటంకంగా సాగుతుంది. ప్రకృతికి ఒకే దారి ఉండాలన్న నియమం లేదు.

పశువులకు సంబంధించి 2012లో వెలువడిన అధ్యయనం ప్రత్యేకంగా గమనించదగినది. పదివేలకు పైగా శుక్రకణాలకు చెందిన రెండున్నర లక్షలకు మించిన వినిమయాలను అందులో పరిశీలించారు. రెక్8, ఆర్‌ఎన్‌ఎఫ్212 జన్యువులలోని భేదాలు మొత్తం వినిమయాల సంఖ్యను, పీఆర్‌డీఎం9లోని భేదాలు వాటి స్థలాలను ప్రభావితం చేస్తున్నట్లు తేలింది. అంటే పాల దిగుబడి వలెనే వినిమయ సామర్థ్యం కూడా ఒక ఆబోతు నుండి మరొక ఆబోతుకు మారే, సంతతికి సంక్రమించే లక్షణం. మనుషులలో వినిమయాలు స్త్రీలలో ఎక్కువ. పశువులలో మగవాటిలోనే ఎక్కువ.

ఈ యంత్రాంగం తప్పితే ఏమవుతుందో ఎలుకలు చూపాయి. రెండు ఉపజాతుల సంకరంలో మగ ఎలుకలు వంధ్యం కావడానికి పీఆర్‌డీఎం9 కారణమని 2009లో ప్రాగ్ శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఆ జన్యువు డీఎన్ఏను గుర్తించే భాగాన్ని మానవ రూపంతో మార్చగా సంకర ఎలుకలు తిరిగి ఫలవంతమైనట్లు 2016లో తెలిసింది. మన దేశంలో విదేశీ, స్వదేశీ జాతుల సంకర ఆబోతులలో పెక్కింటిని వీర్యం నాణ్యత చాలక తిరస్కరించవలసి వస్తున్నది. దీనికి ఎండనొక్కదానినే నిందించే అలవాటు తగదు. ఆబోతులో శుక్రకణం తయారుకావడానికి సుమారు 61 రోజులు పడుతుంది గనుక ఎండ దెబ్బ ఆలస్యంగా కనిపించి, తరువాత తొలగిపోవాలి. ఏడాది పొడుగునా వీర్యం పలుచగా ఉండే ఆబోతులో క్రోమోజోముల జతకూడికను కూడా పరీక్షించడం న్యాయం.

క్షయకరణ విభజనను జన్యువుల ద్వారా మార్చవచ్చునని మొక్కలలో నిరూపించిన వారిలో హైదరాబాదు హబ్సిగూడలోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు ఉన్నారు. అరబిడాప్సిస్ మొక్కలో డయాడ్ జన్యువు దెబ్బతిన్నప్పుడు క్షయకరణం లేకుండానే స్త్రీబీజకణాలు ఏర్పడతాయని ఇమ్రాన్ సిద్దిఖీ బృందం 2008లో చూపింది. మామిడి అంటుకు సాధ్యమైన యథాతథ వారసత్వాన్ని విత్తనానికి కల్పించే మార్గం అది. వరి ప్రజననకారుని అవసరం ఇందుకు విరుద్ధం. ఎండాకు తెగులును తట్టుకొనే ఎక్స్ఏ21 జన్యువు అడవివరి నుండి వచ్చింది. దానిని సాంబ మసూరి వంటి మేలురకంలోకి తేవాలంటే, దాని ప్రక్కనున్న అవాంఛిత ఖండాన్ని వేరుచేసే వినిమయం దొరకాలి.

ఆబోతు ఎంపికలోనూ సమస్య ఇదే. స్వదేశీ జాతుల కొరకు గౌచిప్, గేదెల కొరకు మహిష్‌చిప్ 2024లో అందుబాటులోకి వచ్చాయి. చిప్ గుర్తించేది డీఎన్ఏ గుర్తులను మాత్రమే. ఏ గుర్తు ఏ జన్యువుతో ఎన్ని తరాలు కలిసి నడుస్తుందో వినిమయమే నిర్ణయిస్తుంది. హోల్‌స్టీన్ ఆబోతుల లెక్కలను ఒంగోలు జాతికి అరువు తెచ్చుకోవడం సరిపోదు. ఒకే ఆబోతుకు పుట్టిన పెయ్యలను వరుసగా పరీక్షిస్తే ఒక్కొక్క పెయ్య ఒక్కొక్క శుక్రకణపు వినిమయాలను బయటపెడుతుంది. అందుకు వీర్యం స్ట్రాపై ముద్రించిన ఆబోతు సంఖ్య, పెయ్య చెవిపోగు సంఖ్య గ్రామంలోని కృత్రిమ గర్భధారణ రిజిస్టరులో తప్పు లేకుండా నమోదై ఉండాలి.