ఇల్లాలి చదువు కోసం ఏ ఊరు?

పోయిన సంవత్సరం తొలకరి రోజుల్లో, ఒకనాడు అసర్ నమాజు ముగిసిన తరువాత, చిన్ననాట మా వద్ద ఖుర్ఆన్ పఠనం నేర్చుకున్న ఒక యువకుడు మసీదు వరండాలో మా కోసం వేచి ఉన్నాడు. నరసరావుపేటలో అతనికి ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. సలాం చేసి, కాసేపు తటపటాయించి, విషయం చెప్పాడు.

“ఉస్తాద్‌జీ, మా ఇంట్లోవాళ్లకు పీహెచ్‌డీలో చేరే అవకాశం వచ్చింది. హైదరాబాద్, ఢిల్లీ, అలీగఢ్ మూడుచోట్లా చేర్చుకుంటామంటున్నారు. ఆమెను ఒంటరిగా పంపడం మాకిద్దరికీ ఇష్టం లేదు. ఇల్లు ఎత్తేసి అందరం వెళ్దామనుకుంటున్నాం. ఏ ఊరైతే మంచిది?”

మేము ఆలోచించకుండానే “హైదరాబాద్” అన్నాము. రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి దిగవచ్చు. బంధువులున్నారు. మన మాట, మన తిండి దొరుకుతాయి. ఇంతకన్నా యోచించవలసింది ఏముంటుంది? అతను తలూపి లేవబోతుండగా, ఎందుకో ఒక ప్రశ్న మా నోట వెలువడింది. “అమ్మాయి ఏమంటోంది, బేటా?”

“తనను అడగలేదు, ఉస్తాద్‌జీ. మీరేమంటే అదే అంటుంది.”

ఆ జవాబు విన్న రాత్రి మాకు నిద్ర పట్టలేదు. దానికి కారణం పాఠకులతో దాచవలసిన పని లేదు. పన్నెండేళ్ల క్రితం మా పెద్దమ్మాయికి ఎమ్మెస్సీలో సీటు వచ్చింది. అల్లుడు మర్యాదస్థుడు. “మీరేమంటే అదే, మామూ” అన్నాడు. దూరమని, ఖర్చని, పసిబిడ్డ ఉన్నదని మేము వద్దన్నాము. అమ్మాయి ఒక్క మాట ఎదురు చెప్పలేదు. మేము ఆ మౌనాన్ని అంగీకారమనుకున్నాము. ఇటీవల ఆమె తన కుమార్తెకు లెక్కలు చెబుతూ, “నాకు ఇంతవరకే తెలుసు, తల్లీ” అనడం మా చెవిన పడింది. ఆనాడు మేము ఆమెను అడగనే లేదు కదా అన్న సంగతి అప్పుడు గుర్తుకు వచ్చింది.

మరునాడు ఫజ్ర్ తరువాత ఆ యువకునికి కబురు పంపాము. “నిన్న మేమిచ్చిన సలహాను వెనక్కి తీసుకుంటున్నాము. ఇద్దరూ కలిసి రండి.”

అలెప్పోలో ఒక ఇల్లాలి మాట

విద్య కోసం ఊరు మారడం మన సమాజానికి కొత్త విషయం కాదు. ఇమామ్ షాఫయీ (రహ్మ) హిజ్రీ 150లో గాజాలో జన్మించారు. తండ్రి లేని ఆ బిడ్డను రెండేళ్ల వయసులో తల్లి మక్కాకు తీసుకుపోయారు. ఆ పేద తల్లి ఊరు ఎంపిక చేసిన తీరు వల్లనే ఆ బాలుడు పండితుల మధ్య పెరిగాడు. అనంతరం ఆయన మదీనాలో ఇమామ్ మాలిక్ (రహ్మ) సన్నిధికి, తరువాత బాగ్దాదుకు, చివరకు ఈజిప్టుకు చేరారు.

మదరసాలలో హనఫీ ఫిఖ్హ్ చదివేవారు ‘బదాయి ఉస్సనాయి’ గ్రంథం ఎరుగుదురు. దాని రచయిత ఇమామ్ కాసానీ (రహ్మ). ఆయన అర్ధాంగి ఫాతిమా సమర్ఖందీ, ఆయన గురువుగారి కుమార్తె. తండ్రి రచించిన గ్రంథం ఆమెకు కంఠస్థం. ఆ గ్రంథానికి కాసానీ రాసిన వ్యాఖ్యానమే ఆమెకు మహర్ అయిందని చెబుతారు. ఆ ఇంటి నుండి వెలువడే ఫత్వాలపై తండ్రి సంతకంతోపాటు ఆమె సంతకం, వివాహానంతరం భర్త సంతకం కూడా ఉండేవి.

ఆ దంపతులు మధ్య ఆసియా నుండి సిరియాలోని అలెప్పోకు వలస వచ్చారు. కొంతకాలానికి ఆమెకు స్వదేశంపై మనసు మళ్లింది. కాసానీ ప్రయాణానికి సిద్ధమయ్యారు. సుల్తాన్ నూరుద్దీన్ జంగీ ఆయనను ఉండిపొమ్మని కోరాడు. తన గురువు కుమార్తె మాటను కాదనలేనని కాసానీ విన్నవించుకున్నారు. అప్పుడు సుల్తాన్ నేరుగా ఆమెకే కబురు పంపి విజ్ఞప్తి చేశాడు. ఆమె సమ్మతించారు. ఆ తరువాతే ఆ కుటుంబం అలెప్పోలో స్థిరపడింది. ఈ వృత్తాంతాన్ని చరిత్రకారులు నమోదు చేశారు.

ఎనిమిది వందల ఏళ్ల క్రితం ఒక పాలకుడికి, ఒక మహా పండితునికి తోచిన విషయం మాకు ముందురోజు సాయంత్రం తోచలేదు. ఏ ఊళ్లో ఉండాలో నిర్ణయించేటప్పుడు ఇల్లాలి మాట వినాలి.

అమ్మాయి చెప్పిన సంగతి

ఆ దంపతులు మా ఇంటికి వచ్చారు. అమ్మాయి మా ఇంటావిడ పక్కన కూర్చుని, మొదట ముక్తసరిగా, తరువాత ధైర్యంగా మాట్లాడింది. ఆమె వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసింది. జాతీయ స్థాయి నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అర్హత సాధించింది. కూరగాయ మొక్కల వేళ్లలో బుడిపెలు కట్టి రైతును నష్టపరిచే నులిపురుగులపై పరిశోధన చేయాలన్నది ఆమె కోరిక. “నాన్నగారు వంకాయ తోట వేసేవారు, హజ్రత్. పైకి మొక్క బాగానే ఉండేది. పీకి చూస్తే వేరంతా బుడిపెలే. ఆ పురుగు మీద ఎక్కువగా పని జరిగింది అలీగఢ్‌లోనే. అక్కడి గురువు ఈ అంశానికి ఒప్పుకున్నారు. మిగతా రెండుచోట్లా అంశం మార్చుకోమంటున్నారు.”

భర్త ఆమె వంక ఆశ్చర్యంగా చూశాడు. అలీగఢ్ గురించి ఈ సంగతి అతను కూడా అప్పుడే వింటున్నాడు.

ఇక్కడ పాఠక కుటుంబాలు ఒక విషయం గమనించాలి. బీఏ, బీఎస్సీ చదువుకు కళాశాల పేరు చూస్తే సరిపోవచ్చు. పరిశోధనకు అలా కుదరదు. అక్కడ ప్రధానం గురువు, అంశం. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీస వ్యవధి మూడేళ్లు, సాధారణ గరిష్ఠ వ్యవధి ఆరేళ్లు. మహిళలకు అదనంగా రెండేళ్ల సడలింపు ఉంది. ప్రసూతికి, శిశు సంరక్షణకు మొత్తం 240 రోజుల వరకు సెలవు ఇవ్వవచ్చు. పెళ్లయిన ఆడపిల్లకు పరిశోధన అసాధ్యమని వాదించే పెద్దలు ఈ నిబంధనలు తెలుసుకోవాలి. అయితే ఇష్టం లేని అంశంతో అన్నేళ్లు నెట్టుకురావడం ఎవరికైనా కష్టమే.

మూడు ఊళ్లు, మూడు లెక్కలు

మా ఇంటావిడ ఒక నోటు పుస్తకం తెచ్చి ముందు పెట్టింది. ఒక్కో ఊరికి ఒక్కో పుట.

హైదరాబాద్ పుట త్వరగా నిండింది. అక్కడ 1918లో ఏర్పడిన ఉస్మానియా ఉంది. గచ్చిబౌలిలో 1974 నాటి కేంద్రీయ విశ్వవిద్యాలయం, 1998లో స్థాపితమైన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నాయి. గచ్చిబౌలి చుట్టూ అద్దెలు అధికం కనుక చాలా ముస్లిం కుటుంబాలు టోలీచౌకి, మెహదీపట్నం వైపు ఉండి రాకపోకలు సాగిస్తాయి. తెలంగాణలో 2023 డిసెంబరు నుండి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు. కాని అందుకు తెలంగాణ చిరునామా గల గుర్తింపు కార్డు చూపాలి. మన గుంటూరు, పల్నాడు జిల్లాల వారు ఇది మరచిపోరాదు. ఏసీ మెకానిక్కుకు ఆ మహానగరంలో పనికి లోటు లేదు. లోపం ఒక్కటే. ఆమె కోరిన అంశం అక్కడ లేదు.

ఢిల్లీ పుటలో జామియా మిల్లియా ఉంది. 1920లో అలీగఢ్‌లోనే పుట్టి, 1925లో ఢిల్లీకి తరలిన విద్యాసంస్థ అది. హైదరాబాద్‌లో జన్మించిన డాక్టర్ జాకిర్ హుసేన్ రెండు దశాబ్దాలకు పైగా దాని బాధ్యత మోశారు. చుట్టూ జాకిర్ నగర్, బట్లా హౌస్, షాహీన్ బాగ్. అడుగడుగునా మసీదు, హలాల్ ఆహారం, మెట్రో సౌకర్యం ఉన్నాయి. కాని వీరి మూడేళ్ల పాపకు ఆయాసం. శీతకాలంలో ఢిల్లీ గాలి ఎలా ఉంటుందో జగమెరిగినదే. పాప డాక్టరు వద్దన్నారు. ఆ పుట అక్కడితో మూసివేశాము.

అలీగఢ్ ఢిల్లీకి సుమారు 130 కిలోమీటర్ల దూరం. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1875లో నాటిన విద్యాసంస్థ 1920లో విశ్వవిద్యాలయమైంది. ఢిల్లీతో పోలిస్తే అద్దెలు తక్కువ. క్యాంపస్‌కు నడిచి వెళ్లగల దూరంలోనే ఇళ్లు దొరుకుతాయి. ప్రయోగశాలలో పొద్దుపోయే ఇల్లాలికి, పసిబిడ్డ తల్లికి ఇది చిన్న సౌలభ్యం కాదు. ఇక కష్టాలు చూస్తే, అక్కడా పొగమంచు ఉంటుంది, చలి ఎముకలు కొరుకుతుంది. మన ‘నక్కో’, ‘హౌ’ విని నవ్వేవారుంటారు. అన్నం తినే ఇంటికి రొట్టె, ఆవనూనె అలవాటు కావాలి. పల్నాడు నుండి ప్రయాణం ఒక పగలు, ఒక రాత్రి దాటుతుంది. అన్నిటికీ మించి చలి నెలల్లో ఏసీ మెకానిక్కుకు పని ఉండదు.

ఫెలోషిప్ సొమ్ము ఎవరిది?

ఈ ప్రశ్న దగ్గర సంభాషణ కాస్త బరువెక్కింది. జేఆర్‌ఎఫ్ కింద 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం వేరుగా ఇస్తున్నారు. యువకుడు ఆ మొత్తాన్ని అద్దె, వెచ్చాలు, అమ్మీ మందుల పద్దుల్లోకి పంచి లెక్క చెప్పాడు. మేము అతన్ని ఆపవలసి వచ్చింది.

భార్యాబిడ్డల పోషణ భర్త బాధ్యత. భార్య సంపాదన భార్య సొత్తు. షరీఅత్‌లో ఇది స్పష్టం. ఆమె తన ఇష్టంతో ఖర్చు పెడితే అది ఆమె చేసే మేలు. హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్ఊద్ (రజి) గారి సతీమణి హజ్రత్ జైనబ్ (రజి) తన సొమ్మును భర్తకు, తన పోషణలోని అనాథలకు వెచ్చించవచ్చునా అని దైవప్రవక్త (స) వారిని అడిగించారు. అందులో బంధుత్వపు పుణ్యం, దానపు పుణ్యం రెండూ ఉన్నాయని ఆయన తెలియజేశారు. కాని ఆ కథలో అడిగింది ఆమె. ఆమె సొమ్ముకు ముందుగానే లెక్క వేసుకున్న భర్త ఆ కథలో లేడు.

యువకుడు తల దించుకున్నాడు. అమ్మాయి మెల్లగా అంది: “అద్దె నేనిస్తాను. అడిగితే ఇవ్వడం వేరు, హజ్రత్. అడక్కుండా లెక్కలో వేయడం వేరు.” ఇద్దరూ అప్పటికప్పుడు రాసుకున్నారు. అద్దె ఆమె ఇష్టపూర్వకంగా ఇస్తుంది. తిండి, పాప ఖర్చు, అమ్మీ మందులు అతనివి. ఫెలోషిప్ సొమ్ము ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యమవుతుంది కనుక, దుకాణం సామాను అమ్మగా వచ్చిన దానిలో ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోవాలన్నది మా సూచన.

మష్వరా, ఆపై ఇస్తిఖారా

బిడ్డకు పాలు మాన్పించడం వంటి ఇంటి విషయంలో సైతం భార్యాభర్తలు పరస్పరం సంప్రదించుకోవాలని, ఇద్దరి అంగీకారం ఉండాలని దివ్య ఖుర్ఆన్ సూరా బఖరాలో ప్రస్తావించింది. పాలు మాన్పించడానికే సంప్రదింపు కావాలంటే ఇల్లు మార్చడానికి అక్కరలేదా?

అతని తల్లిగారికి షుగరు వ్యాధి. కోడలి చదువుకు ఆమె అడ్డు చెప్పలేదు. “నన్ను మాత్రం ఆ చలికి లాక్కుపోకండి” అన్నది. సత్తెనపల్లిలోని కుమార్తె ఆమెను తన వద్ద ఉంచుకునేందుకు ముందుకు వచ్చింది. ఆ మాట ఆమె నోటనే వినాలని, కొడుకు స్వయంగా వెళ్లి చెల్లెల్ని, బావను కూర్చోబెట్టి అడిగాడు. ఒకరి చదువు కోసం మరొకరి వార్ధక్యాన్ని అనాథ చేయరాదు.

అన్నీ తేలిన తరువాత వారు ఇస్తిఖారా చేశారు. మనలో చాలామంది ఇస్తిఖారా అంటే కల రావాలనుకుంటారు, తెలుపు కనబడితే మంచిదని, నలుపు కనబడితే చెడ్డదని. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన హదీసులో కల ప్రస్తావన లేదు. రెండు రకాతుల నమాజు చేసి, మేలైతే సులభం చేయమని, కీడైతే తొలగించమని, ఏది మేలో దానితో మనసును తృప్తిపరచమని అల్లాహ్‌ను వేడుకోవడమే ఇస్తిఖారా. విచారించడం, లెక్క చూడడం, పెద్దలను అడగడం మన వంతు. ఈ శ్రమ ఎగవేయడానికి ఇస్తిఖారాను సాకు చేసుకోరాదు.

వారు అలీగఢ్‌ను ఎంచుకున్నారు. అతను నెల ముందుగా ఒంటరిగా వెళ్లి పని చూసుకుని, ఇల్లు వెదికి, నీళ్ల వసతి, మసీదు, పిల్లల డాక్టరు ఎంత దూరమో చూసి, అప్పుడు భార్యను, పాపను తీసుకువెళ్లాడు.

ఏడాది గడిచింది

అంతా సుఖంగా జరిగిందని రాస్తే అబద్ధమవుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో అతని రాబడి పడిపోయింది. గీజర్లు, నీటి మోటార్లు బాగుచేయడం నేర్చుకుని నెట్టుకువచ్చాడు. పొగమంచు రోజుల్లో పాపకు రెండుసార్లు ఆయాసం వచ్చింది. డాక్టరు దగ్గరలో ఉన్న ఇల్లు తీసుకోవడం ఆనాడు అక్కరకు వచ్చింది. పాప ఇప్పుడు ఉర్దూలో అడిగి, తెలుగులో అలుగుతుంది. ప్రతి రాత్రి దాదీమాతో ఫోనులో తెలుగులోనే మాట్లాడాలన్నది ఇంటి నియమం.

మొన్న సెలవులకు వచ్చినప్పుడు అమ్మాయి ఒక గాజు పలకపై వేరు ముక్కను తెచ్చి, దాని బుడిపెను మా మదరసా పిల్లలకు చూపించింది. వెనుక వరుసలో మా పెద్దమ్మాయి, తన కుమార్తెతో కూర్చుని వింటున్నది. అందరూ వెళ్లాక మేము ఆమెను పిలిచి, పన్నెండేళ్లు ఆలస్యంగా అడిగాము. “నువ్వేమంటావు, తల్లీ? ఇప్పుడైనా చదువుతావా?”

వెంటనే బదులివ్వలేదు. “ఆలోచించుకుని చెబుతాను, అబ్బా” అంది. మేము ఎదురుచూస్తున్నాము.

పాఠక సోదరులారా, మీ ఇంట్లో ఇల్లాలు గానీ, కోడలు గానీ, కూతురు గానీ చదువు కోసం ఊరు కదలవలసి వస్తే, ఏ ఊరని పది మందిని అడిగే ముందు ఆమెను అడగండి. ఆమె మౌనంగా ఉంటే మరోసారి అడగండి. మన ఇళ్లలో పరస్పర సంప్రదింపును, మన సంతానానికి ప్రయోజనకరమైన జ్ఞానాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.