మొద్దు ముక్కు గుండు

రెండేళ్ల కిందటి మాట. కరీంనగర్ శివారులో పాత ఇనుప సామాన్ల దుకాణం నడిపే పిల్లగాడు ఫోన్ చేశాడు. "కాకా, జర ఇటొచ్చి సూడు. తూకంల ఇదేందో అచ్చింది. ఇనుమే గని నడుమున రాగి పట్టీ ఉన్నది."

రాగి పట్టీ మాట వినగానే నా గుండె జల్లుమంది. "ముట్టకు బిడ్డా. గ్యాస్ కట్టర్ బంద్ చెయ్యి. అందర్నీ బయటికి తోలు, ముందుగాల పోలీసులకు చెప్పు" అన్నాను.

నేను సైన్యంలో విమానాలను కూల్చే ఫిరంగుల మీద పనిచేసినవాణ్ని. మాది 40 మిల్లీమీటర్ల బోఫోర్స్ ఎల్-70. నిమిషానికి 240కి పైగా గుండ్లు వదులుతుంది. ఆ ఫిరంగి గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్లుంటాయి. మెత్తటి రాగి పట్టీ ఆ గాళ్లను కరుచుకుంటేనే గుండు బొంగరంలా తిరుగుతూ సూటిగా పోతుంది. జగిత్యాలలో 1747 నాటి కోట ఉంది, నిర్మల్‌లో పాత బురుజులున్నాయి. ఆ కాలపు ఫిరంగుల గొట్టాలు నున్నగా ఉండేవి. వాటి గుండుకు పట్టీ అక్కర లేదు, ఉత్త ఇనుప బంతే. కాబట్టి పట్టీ కనబడిందంటే అది పాతకోట గుండు కాదు, ఈ మధ్య కాలపుదే.

నేను వెళ్లి దూరం నుంచి చూస్తే దాని ముక్కు కోసుగా లేదు, కోసినట్టు బల్లపరుపుగా ఉంది. ప్రూఫ్ గుండు అయి ఉండొచ్చనిపించింది. కొత్త ఫిరంగి గొట్టం తట్టుకుంటుందో లేదో చూడటానికి మామూలు కంటే ఎక్కువ మందు పెట్టి కాలుస్తారు. ఆ పరీక్షకు పేలే గుండు దేనికి? అసలు గుండంత బరువున్న గట్టి ఉక్కు ముద్ద చాలు. ముక్కు మొద్దుగా ఉంటే గాలి అడ్డుపడి ఎక్కువ దూరం పోదు, ఇసుక దిబ్బలోకి లోతుగా దూరదు. ఒడిశాలోని చాందీపూర్‌లో 1895 నుంచీ ఇలాంటి పరీక్షలు జరిపే కేంద్రం ఉంది.

అయితే మొద్దు ముక్కును చూసి నమ్మకూడదు. పేలే గుండుకు ముందుభాగంలో ఫ్యూజు ఉంటుంది. అది దెబ్బకు ఊడిపోతే ఆ గుండు కూడా మొద్దుగానే కనబడుతుంది, లోపల మందు మాత్రం అలాగే ఉంటుంది. ఇనుప పలకలను చీల్చే గుండుకు అడుగున, వెలుగుతూ దారి చూపే ట్రేసర్ మందు ఉండొచ్చు. పట్టీ మీద చారలు పడ్డాయి కదా, పేలిపోయిందిలే అనుకునేవాళ్లు ఇంకా ఎక్కువ. ఆ చారలు చెప్పేది ఒక్కటే, గుండు గొట్టం దాటి వచ్చిందని. కాల్చినా పేలకుండా పడిపోయిన గుండు అన్నిటికంటే ప్రమాదం. రంగు సంగతి చెప్పనే అక్కర లేదు. సాధన గుండుకు నీలం రంగు వేస్తారు, కానీ తుప్పు పట్టాక ఏది నీలమో ఏది ఆకుపచ్చో ఎవరు చెప్పగలరు? 2004లో ఘజియాబాద్ దగ్గర ఉక్కు కర్మాగారంలో తుక్కుతో పాటు వచ్చిన గుండ్లు పేలి మనుషులు చనిపోయారు. తుక్కు దుకాణాల పిల్లలకు నేను ఇప్పటికీ ఆ కథే చెప్తుంటాను.

బాంబు దళం వచ్చి పరీక్షించి, లోపల మందు లేదు, ప్రూఫ్ గుండే అని తేల్చింది. "అయితే నీ దగ్గర పెట్టుకో కాకా" అన్నాడు పిల్లగాడు. ఆశపడ్డాను, అబద్ధం ఎందుకు. కానీ 1959 ఆయుధ చట్టం మందుగుండు అన్న మాటలోకి షెల్‌నూ, దాని భాగాలనూ కూడా చేర్చింది. ఉత్తదే కదా అని ఇంట్లో పెట్టుకుంటే కుదరదు. సైన్యంలోనైనా మందు లేదని నిపుణుడు సర్టిఫికెట్ రాసిచ్చాకే అలాంటిది అలంకారంగా మెస్సు గోడ దగ్గరికి వస్తుంది. దాన్ని బాంబు దళానికే అప్పగించాను.

నా సేకరణంతా ఒక రూళ్ల నోట్‌బుక్. చూసిన ప్రతి గుండుకూ ఒక పేజీ: ముక్కు ఆకారం, పట్టీ వెడల్పు, అడుగున కొట్టిన అక్షరాలు, సంవత్సరం, బరువు. ఆ రోజు రాసిన పేజీలో బొమ్మ బాగానే కుదిరింది. బరువు గడి మాత్రం ఖాళీగా ఉంది. నేను దాన్ని ఎత్తలేదు.