వార్తల్లో పదం: కాగ్నిటివ్ బయాస్ మాడిఫికేషన్

మద్యానికి అలవాటుపడినవారికి సీసా కనిపిస్తే చాలు, ఆలోచించేలోపే మనసు అటు లాగేస్తుంది. తమకు తెలియకుండానే పుట్టే ఈ మొగ్గును పదేపదే సాధన చేయించి మార్చడమే కాగ్నిటివ్ బయాస్ మాడిఫికేషన్. సంక్షిప్తంగా సీబీఎం.

కంప్యూటర్ తెరపై బొమ్మలు వస్తుంటాయి. మద్యం బొమ్మ వస్తే జాయ్‌స్టిక్‌ను ముందుకు నెట్టాలి. బొమ్మ చిన్నదై దూరమవుతుంది. శీతల పానీయమైతే వెనక్కి లాగాలి. అది పెద్దదై దగ్గరవుతుంది.

ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రైనౌట్ వీర్స్ బృందం జర్మనీ ఆస్పత్రి రోగులపై చేసిన అధ్యయనం 2011లో వెలువడింది. దాంతో ఈ పద్ధతి వెలుగులోకి వచ్చింది. 2021లో ప్రచురితమైన మెల్‌బోర్న్ అధ్యయనంలో 300 మంది పాల్గొన్నారు. చికిత్సా కేంద్రం నుంచి డిశ్చార్జి అయిన రెండు వారాల తర్వాత చూస్తే, శిక్షణ పొందినవారిలో 54.4 శాతం మంది మద్యం ముట్టలేదు. మిగతావారిలో అది 42.5 శాతమే.

తాగుడు తగ్గితే మరో మేలూ ఉంది. మత్తులో విచక్షణ సన్నగిల్లి కండోమ్ లేకుండా లైంగిక చర్యకు దిగే ముప్పు ఉంది. కాబట్టి తాగుడు తగ్గితే హెచ్ఐవీ వంటి ప్రమాదాలూ తగ్గే అవకాశం ఉంది.

అయితే సీబీఎం చికిత్సకు తోడు మాత్రమే, ప్రత్యామ్నాయం కాదు. మానేయాలన్న సంకల్పం ఉన్నవారికే ఎక్కువ ఉపయోగం. వ్యసనం జబ్బు, నేరం కాదు. సాయం కావాలంటే సంకోచించకుండా జాతీయ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి.